"ప్రిమిటివ్" అనే ఇంగ్లీషు మాట గురించి మనవాళ్ళతో

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చేసుకుని చదవండి. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మాత్రం తప్పకుండా చదవండి. ఈ మాట మీకు పేపర్లోనూ వస్తుంది, ఇంటర్వ్యూలోనూ వస్తుంది.

మాట "ప్రిమిటివ్". ఇంగ్లీషులో ఇదొక విశేషణం. మనం రోజూ వాడే పీటీజీలో మొదటి అక్షరం దీనిదే. పీటీజీ అంటే ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్. హాస్టల్ దరఖాస్తులో, గురుకులం బోర్డు మీద, స్కీముల లిస్టులో ఆ మూడక్షరాలు చూసి చూసి మనకి అలవాటైపోయింది. "నేను పీటీజీ అన్నా" అని ఒక తమ్ముడు బ్లడ్ గ్రూపు చెప్పినంత మామూలుగా చెప్తాడు. అదే తమ్ముణ్ణి ఆ "పీ" బదులు పూర్తి మాట పెట్టి, దాని అర్థం తెలుగులో పెట్టి, మళ్ళీ అదే వాక్యం చెప్పమనండి. నోరు రాదు. పొట్టి పేర్లతో ఉన్న గొడవే ఇది, లోపల ఏముందో కనపడనివ్వవు.

ముందు డిక్షనరీ సంగతి చూద్దాం. "ప్రిమిటివ్" లాటిన్ నుంచి వచ్చిన మాట. లాటిన్‌లో "ప్రీముస్" అంటే మొదటి. ప్రైమరీ స్కూల్‌లో ప్రైమరీ, ప్రైమ్ మినిస్టర్‌లో ప్రైమ్, అన్నీ ఆ కుటుంబమే. ప్రిమిటివ్ అంటే మొదటగా ఉన్నది, దేని నుంచీ పుట్టకుండా తానే మూలంగా ఉన్నది. ఇందులో తిట్టు లేదు. ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి తెలుసు, జావాలో ప్రిమిటివ్ డేటా టైప్స్ అని ఉంటాయి. మిగతావన్నీ కట్టుకోవడానికి ఆధారంగా ఉండేవి కాబట్టి వాటికాపేరు. లెక్కల్లో 3, 4, 5 ని ప్రిమిటివ్ పైథాగరస్ త్రికం అంటారు, ఎందుకంటే ఆ మూడింటినీ భాగించే సంఖ్య ఒకటి తప్ప ఇంకోటి లేదు. 6, 8, 10 దాని నుంచి వచ్చిందే. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం మొదట్లో కొంతమంది క్రైస్తవులు తమ సంఘానికి తామే ప్రిమిటివ్ మెథడిస్టులు అని పేరు పెట్టుకున్నారు. మొదటి రోజుల పద్ధతికి మేం తిరిగి వెళ్తున్నాం అని గర్వంగా చెప్పుకోవడానికి.

అంటే మాటకి గౌరవం ఉండేది. డేటా టైప్ ముందు, సంఖ్య ముందు, చర్చి ముందు ఇప్పటికీ ఉంది. మనిషి ముందుకి వచ్చేసరికే పోయింది.

తెలుగులో మన "ఆది" కూడా ఇంతే చూడండి. నన్నయ ఆదికవి, శివపార్వతులు ఆదిదంపతులు. అక్కడ ఆది అంటే మొదటివాడు, పెద్దవాడు, దండం పెట్టదగినవాడు. అదే ఆది "ఆదిమ మానవుడు" అయ్యాక ఏమైంది? సోషల్ పుస్తకంలో గుహ ముందు జుట్టు విరబోసుకుని రాళ్ళు కొట్టి నిప్పు చేసే బొమ్మ. తర్వాత పేపర్లో "ఆదిమ తెగల అభివృద్ధికి చర్యలు" అని వార్త. ఏడో తరగతి పిల్లాడు ఆ బొమ్మనీ ఈ వార్తనీ కలిపి చదువుకుంటాడు, ఎవరూ నేర్పక్కర్లేదు. వాడి బెంచీ మీదే ఒక కొలాం పిల్లో చెంచు పిల్లాడో కూర్చుని ఉంటే, ఆ పిల్లలు కూడా అలాగే కలిపి చదువుకుంటారు. అసలు బాధ అక్కడుంది. (ఇంతలో "ఆటవిక న్యాయం", "ఆటవిక పాలన" అని హెడ్డింగులు పెట్టేవాళ్ళ సంగతి వేరే పోస్టులో రాయాలి. అడవిలో ఉన్నవాడికి న్యాయం లేదని ఏ జర్నలిస్టు కోర్సులో చెప్పారో.)

మాటకి ఈ బురద ఎప్పుడు అంటింది? 19వ శతాబ్దపు యూరప్, అమెరికా మేధావుల దగ్గర. 1871లో ఎడ్వర్డ్ టైలర్ "ప్రిమిటివ్ కల్చర్" అనే పుస్తకం వేశాడు. 1877లో లూయిస్ హెన్రీ మోర్గాన్ మనుషుల చరిత్రని మూడు మెట్లుగా కట్టాడు. కింద మెట్టు అడవి మనిషి, మధ్యది అనాగరికుడు, పై మెట్టు నాగరికుడు. పై మెట్టు మీద ఎవరున్నారో చెప్పక్కర్లేదు, పుస్తకం రాసినవాళ్ళే ఉన్నారు. దీనికి ఎదురు చెప్పినవాళ్ళు వాళ్ళలోనే ఉన్నారు. 1911లో ఫ్రాంజ్ బోయాస్ తన పుస్తకం పేరులోనే ఆ మాట పెట్టుకుని, లోపల మాత్రం వాళ్ళ బుర్రకీ మన బుర్రకీ పుట్టుకతో తేడా ఏమీ లేదని రాశాడు. ఆయన వాదన చదివినవాళ్ళు తక్కువ, మెట్ల బొమ్మ గుర్తున్నవాళ్ళు ఎక్కువ.

ఈ విశేషణంలో దాగున్న మోసం ఒకటుంది, గ్రామర్ చదివేవాళ్ళు జాగ్రత్తగా చూడండి. "పొడుగు", "నలుపు", "పేద" అనేవి మనిషి ఇప్పుడెలా ఉన్నాడో చెప్తాయి. "ప్రిమిటివ్" అలా చెప్పదు. అది చెప్పేది కాలం. ఈ మనిషి నీ పక్కనే నిలబడ్డాడు కానీ నీ కాలంలో లేడు, వెనక ఎక్కడో ఉన్నాడు అంటుంది. జొహానెస్ ఫాబియన్ అనే మానవశాస్త్రవేత్త 1983లో దీని మీదే ఒక పుస్తకం రాశాడు. ఎదుటివాణ్ణి మన సమకాలీనుడు కాదనడమే ఆ శాస్త్రానికి అలవాటైన తప్పు అని ఆయన వాదన. నాకు ఈ మాట బాగా ఆనింది. శ్రీశైలం అడవిలో చెంచు మనిషి ఫోన్‌లో సిగ్నల్ కోసం బండెక్కి నిలబడతాడు, రేషన్ బియ్యం తింటాడు, పులుల రిజర్వులో ఫారెస్టు వాళ్ళ దగ్గర వాచర్‌గా పనిచేస్తాడు. ఆయన ఉన్నది ఈ సంవత్సరంలోనే. ఆయన్ని వేరే యుగంలో పెట్టింది మాట.

ఇంకో ఉదాహరణ. 2018 నవంబర్‌లో అండమాన్‌లోని ఉత్తర సెంటినల్ దీవికి పోయి ఒక అమెరికా యువకుడు చనిపోయాడు. అప్పుడు టీవీల్లో ఎన్నిసార్లు "రాతియుగం మనుషులు" అన్నారో లెక్కలేదు. 1981లో ఆ దీవి దగ్గర ప్రిమ్‌రోజ్ అనే ఓడ రాళ్ళకి తగిలి ఆగిపోయింది. ఆ ఓడల ఇనుము తీసుకుని సెంటినలీలు బాణాల ములుకులు చేసుకున్నారు. ఇనుము వాడేవాడిది రాతియుగం ఎలా అవుతుంది? కొత్త వస్తువు కనపడగానే దాని పనేంటో ఎవరూ చెప్పకుండా తెలుసుకుని వాడినవాళ్ళు వాళ్ళు.

ఇక మన దేశం సంగతి. 1931 జనాభా లెక్కల్లో బ్రిటిష్ వాళ్ళు మనల్ని "ప్రిమిటివ్ ట్రైబ్స్" అని రాశారు. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది. రాజ్యాంగంలో మనం షెడ్యూల్డ్ ట్రైబ్స్. 342వ అధికరణం, 366లో 25వ క్లాజు తీసి చూడండి, ఎక్కడా "ప్రిమిటివ్" ఉండదు. లిస్టులో ఉన్న తెగలు అని తప్ప మన గుణం గురించి ఒక్క ముక్క లేదు. 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా మాట్లాడుతూ, ఆదివాసీలకి మీరు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి అనే అర్థంలో చెప్పాడు. అలాంటి మాట విన్న సభ రాసిన రాజ్యాంగం అది.

కానీ రాజ్యాంగం పెట్టని మాటని ఆఫీసులు తిరిగి తెచ్చాయి. ఏ తెగని ఎస్టీ లిస్టులో చేర్చాలో తేల్చడానికి 1965లో లోకూర్ కమిటీ ఐదు గుర్తులు చెప్పింది. ప్రిమిటివ్ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా విడిగా ఉండటం, బయటివాళ్ళతో కలవడానికి సిగ్గుపడటం, వెనకబాటుతనం. పరీక్షకి ఈ ఐదూ మనం బట్టీ పడతాం, ఒక్కసారైనా ఆగి చదివామా? సిగ్గట! షావుకారు, ఫారెస్టు గార్డు, లేబర్ మేస్త్రీ ఎన్ని తరాలు ఎలా చూశారో తెలిసినవాడు ఎవరైనా దూరంగానే ఉంటాడు. దానికి తెలివి అని పేరు, సిగ్గు కాదు.

ఆ తర్వాత ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో ఎస్టీల్లోనే మరీ కష్టంలో ఉన్న సమూహాలని వేరు చేశారు. ధేబర్ కమిషన్ 1960-61లో, అన్ని తెగలూ ఒకే స్థితిలో లేవు, కింద ఉన్నవాళ్ళకి వేరే శ్రద్ధ కావాలి అని చెప్పింది. అది న్యాయమైన మాటే. దానికి ఒప్పుకోవాలి. 1975లో 52 సమూహాలు, 1993లో ఇంకో 23, మొత్తం 75. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 12. ఇప్పుడు తెలంగాణలో చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి. ఆంధ్ర వైపు చెంచు, కొండరెడ్డి, కొండ సవర, గదబలు, పోరోజలు, ఖోందుల్లో కొన్ని శాఖలు. ఉద్దేశం మంచిదే, పేరు మాత్రం ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్ అని పెట్టారు. గుర్తులేంటంటే వ్యవసాయానికి ముందు దశ సాంకేతికత, మరీ తక్కువ అక్షరాస్యత, పెరగని లేదా తగ్గుతున్న జనాభా, పూట గడవడమే కష్టమైన బతుకు.

ఒక్కొక్కటే మన ఊళ్ళ మీద పెట్టి చూడండి. వ్యవసాయానికి ముందు దశ అంట. సవరలు కొండ వాలుని మెట్లు మెట్లుగా తొలిచి, రాళ్ళతో గట్లు కట్టి, పైనుంచి వచ్చే ఊటని ఒక మడి నుంచి ఇంకో మడికి దించుకుంటూ వరి పండించినవాళ్ళు. ఒడిశా వైపు కొండల్లో ఆ మళ్ళు చూసి బయటి నుంచి వచ్చిన పరిశోధకులు ఆశ్చర్యపోయారు. అది ప్రిమిటివ్ అయితే ఇంక ఇరిగేషన్ ఇంజనీర్లు ఏం చదువుతున్నట్టు? కొలాంల సంగతి చూడండి. ఆదిలాబాద్‌లో స్థలం దేవతల్ని శాంతింపజేయాలంటే గోండు ఊళ్ళు కొలాం పూజారిని పిలుచుకుంటాయి, ఎందుకంటే ఆ నేలకి పాతకాపులు వాళ్ళే అని గోండులే ఒప్పుకున్నారు. తోటి వాళ్ళ నోట్లో గోండుల వంశాల కథలు ఉన్నాయి. ఒక పెద్ద తెగ తన చరిత్రని దాచుకున్న చోటు ఆ చిన్న తెగ. సర్కారు కాగితంలో అది "ప్రిమిటివ్", గోండు ఇంట్లో అది పెద్దరికం. లాటిన్‌లో ఆ మాటకున్న మొదటి అర్థం గోండులకి తెలుసన్నమాట, ఇంగ్లీషు రాకపోయినా!

భాష సంగతి ఇంకా తమాషా. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కదా. ఆయన ఎన్నో ఏళ్ళు కూర్చుని నేర్చుకున్నది సవర భాష. 1931లో దాని వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వేశారు. సవరలో నామవాచకాన్ని క్రియ లోపలికి దూర్చి మొత్తం వాక్యాన్ని ఒకే మాటగా కట్టేయొచ్చు. ప్రపంచంలో భాషాశాస్త్రం చదివేవాళ్ళకి ఇది పేరున్న ఉదాహరణ. అంకెలు కూడా 12 దగ్గర ఒక ముడి, 20 దగ్గర ఒక ముడి వేసి లెక్కపెడతారు. 1936లో మంగేయి గొమాంగో సోర సోంపెంగ్ అనే లిపి కూడా తయారుచేశాడు. "మీ భాషకి గ్రామర్ ఉంటుందా?" అని హాస్టల్లో అడిగే వాళ్ళకి ఈ పేరా పంపండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ మాట బాగోలేదని ప్రభుత్వానికే తెలిసింది. 2006లో పేరు మార్చారు. ప్రిమిటివ్ పోయి "పర్టిక్యులర్లీ వల్నరబుల్" వచ్చింది. పీటీజీ కాస్తా పీవీటీజీ అయింది. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ కూడా పీవీటీజీ పేరుతోనే నడుస్తోంది. సరే, గొడవ తీరిందనుకుంటాం. కానీ అదే 2006లో, డిసెంబర్‌లో, పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. ఆ చట్టం 3వ సెక్షన్, 1వ సబ్‌సెక్షన్, "ఈ" క్లాజు తీయండి. ఆవాస ప్రాంతం మీద సామూహిక హక్కు ఎవరికి ఇచ్చారు? "ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూపులకీ, వ్యవసాయానికి ముందు దశ సముదాయాలకీ." ఒక చేత్తో తీసేసిన మాటని అదే సంవత్సరం ఇంకో చేత్తో చట్టంలో రాసిపెట్టారు.

ఈ క్లాజు చిన్నది కాదు తమ్ముళ్ళూ. మనకి తెలిసిన పోడు పట్టా మనిషికో కుటుంబానికో ఇస్తారు, దానికి నాలుగు హెక్టార్ల హద్దుంది. హ్యాబిటాట్ హక్కు అలా కాదు. తేనె తీసే బండలు, దేవుడి చోట్లు, నీళ్ళ ఊటలు, వలస దారులు, గడ్డలు తవ్వుకునే చోట్లు, పూర్వీకుల నుంచి ఒక తెగ తిరిగిన మొత్తం ప్రాంతం మీద హక్కు అది. మధ్యప్రదేశ్‌లో బైగాలు, ఛత్తీస్‌గఢ్‌లో కమార్లు తెచ్చుకున్నారు. పాపికొండల్లో పోలవరం ముంపులో ఊళ్ళు వదిలిన కొండరెడ్డి కుటుంబాల్ని అడగండి, ఇంటికీ పొలానికీ మాత్రమే లెక్కగట్టి, జీలుగు చెట్టుకీ కొండకీ గోదావరికీ లెక్కకట్టకపోతే ఏం పోతుందో వాళ్ళు చెప్తారు.

అంటే మనల్ని అవమానించే మాటే ఇక్కడ మనకి తలుపు. "మేం ప్రిమిటివ్ కాదు" అని కోపంగా కాగితం విసిరేస్తే, ఆ తలుపు మూయడానికి కాచుకుని ఉన్నవాళ్ళకి పండగే. "చూశారా, వాళ్ళే కాదంటున్నారు" అంటారు. అందుకే నా అభిప్రాయం ఇది. హక్కు కోసం వేసే దరఖాస్తులో చట్టంలో ఉన్న మాట ఉన్నట్టే రాయాలి, పక్కనే 2006 నుంచి పీవీటీజీ అని కూడా రాయాలి. గ్రామసభ తీర్మానంలో తెగ పేరు ముందు పెట్టాలి, "చెంచు ప్రజల హ్యాబిటాట్" అని. చట్టం భాష మార్చమని వేరేగా అడగాలి. ఈ రెండు పనులూ కలిపేయకూడదు. మాట మీద కోపంతో నేల వదులుకున్నవాడి కంటే, మాట దిగమింగి నేల నిలబెట్టుకున్నవాడు నా దృష్టిలో తెలివైనవాడు. కొంతమంది ఉద్యమ మిత్రులకి ఇది నచ్చదని తెలుసు.

కొత్త మాట "వల్నరబుల్" బాగుందా? పాతదాని కంటే నయమే. లాటిన్‌లో "వుల్నుస్" అంటే గాయం. వల్నరబుల్ అంటే గాయపడే అవకాశం ఉన్నవాడు. కాలంలో వెనక్కి నెట్టడం తగ్గింది. కానీ ఇది కూడా గాయం సంగతి చెప్పి, గాయం చేసిన చెయ్యి సంగతి చెప్పదు. జనాభా పెరగకపోవడం ఒక తెగ లక్షణం అన్నట్టు రాస్తారు. దగ్గర్లో ఆసుపత్రి లేక, వానాకాలం డోలీలో మోసుకెళ్ళేలోపు బాలింత పోతే అది తెగ లక్షణమా, రోడ్డు లక్షణమా? తెలుగులోకి వచ్చేసరికి ఇంకా ఘోరం, "బలహీన తెగలు" అంటారు. తాడు పట్టుకుని కొండ అంచున వేలాడి తేనెపట్టు కోసేవాడు బలహీనుడు, ఫ్యాన్ కింద కూర్చుని ఆ మాట టైపు చేసినవాడు బలవంతుడు!

"ముందు రోడ్డు, కరెంటు రానీ, మాటలదేముంది?" అనేవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు. వాళ్ళ బాధ నిజమే. కానీ ఏ విశేషణం పెడితే ఆ రకం స్కీమే వస్తుంది. "ప్రిమిటివ్" అనుకుంటే వాడికి నేర్పాలి, మార్చాలి, కొండ దించాలి అని ఆలోచిస్తారు. వచ్చేది కుట్టు మిషనూ అవగాహన సదస్సూ. "భూమి పోయినవాళ్ళు" అనుకుంటే భూమి గురించి మాట్లాడక తప్పదు. మొదటి పేరు సర్కారుకి సుఖం, రెండోది ఖర్చు.

బయటివాళ్ళ సంగతి సరే, మన నోళ్ళు కూడా చూసుకోవాలి. హాస్టళ్ళలో "ఆ పీటీజీ పిల్లలు" అని పిలిచేది ఎవరు? ఎక్కువసార్లు మనమే, పెద్ద తెగల పిల్లలమే. కాస్త ముందు చదువుకున్న తెగవాళ్ళు చదువు అందని తెగని చూసి నవ్వడానికి మోర్గాన్ మెట్లనే వాడుతున్నారు. వాడికి పేరుంది, పేరు పెట్టి పిలవండి.

ఇంక చదువుకి పనికొచ్చే ముక్కలు. పరీక్షలో పీటీజీ అని ప్రశ్న వస్తే "2006కి ముందు పీటీజీ అనేవారు, ఇప్పుడు పీవీటీజీ" అని రాయండి, మార్కూ పోదు, మర్యాదా పోదు. ఇంగ్లీషు వ్యాసంలో పనిముట్టు గురించి, మొదటి దశ యంత్రం గురించి ప్రిమిటివ్ వాడండి, తప్పు లేదు. "ప్రిమిటివ్ కెమెరా" అనొచ్చు. మనుషుల ముందు, భాష ముందు, మతం ముందు, వైద్యం ముందు వాడకండి. పాతకాలం సంగతి చెప్పాలంటే "ఎర్లీ" ఉంది, తరాల నుంచి వస్తున్నది అనాలంటే "ట్రెడిషనల్" ఉంది, ఈ నేలకి మొదటివాళ్ళం అనాలంటే "ఇండిజినస్" ఉంది. పుస్తకంలో ఉన్న మాట ఎత్తి రాయాల్సి వస్తే కోట్స్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో "మీరు ప్రిమిటివ్ ట్రైబా?" అని అడిగితే కోప్పడక్కర్లేదు, "నేను కొలాం సార్, ప్రభుత్వ లిస్టులో పీవీటీజీ" అని చాలు. మొదటి సగం మీరెవరో చెప్తుంది, రెండో సగం సర్కారు మిమ్మల్ని ఏమంటుందో చెప్తుంది.

చివరగా గ్రూపుకి ఒక పని. కొలాంలు తమని తాము కోలావర్ అంటారు. గోండులు కోయతూర్ అంటారు. సవరలు సోర అంటారు. బొండోలు రెమో అంటారు, ఆ మాటకి వాళ్ళ భాషలో మనిషి అని అర్థం. వీటిల్లో దేని ముందూ విశేషణం లేదు. మీ ఊళ్ళో, మీ భాషలో మీ జనాన్ని ఏమంటారో, బయటివాళ్ళని ఏమంటారో అమ్మమ్మనో తాతనో అడిగి కింద రాయండి. ఊరు, మండలం పేరు కూడా పెట్టండి, అన్నీ ఒక చోట చేర్చి ఫైల్ చేసి గ్రూపులో పెడతాను.